ఐసీయూలో ఒకే తరహా నిరోధకత చూపుతున్న క్లెబ్సియెల్లా: ఐదుగురిలోనూ ఉన్నది ఒకే స్ట్రెయిన్ అని ఎలా నిర్ధారించాలి?

కృష్ణాతీరం:

అందరికీ నమస్కారం. కోస్తా ఆంధ్రలోని ఒక వైద్య కళాశాలలో మైక్రోబయాలజీ ఎం.డి. రెండో సంవత్సరం చదువుతున్నాను. మా బోధనాసుపత్రి మెడికల్ ఐసీయూలో గత కొద్ది వారాల్లో ఐదుగురు రోగుల నమూనాల్లో క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బ్యాక్టీరియా పెరిగింది. ముగ్గురికి వెంటిలేటర్ గొట్టం నుంచి తీసిన స్రావంలోను, ఇద్దరికి రక్తంలోను అది దొరికింది. ఐదు ఐసొలేట్ల (నమూనాల నుంచి వేరుచేసి పెంచిన బ్యాక్టీరియా) యాంటీబయోగ్రామ్, అంటే ఏ మందుకు లొంగుతుందో చూపే పట్టిక, ఒకేలా ఉంది. మెరోపెనెమ్, ఇమిపెనెమ్, పిపెరాసిలిన్-టాజోబాక్టమ్, అమికాసిన్, సిప్రోఫ్లోక్సాసిన్ ఏవీ పనిచేయడం లేదు. కోలిస్టిన్ ఎంఐసీ (పెరుగుదలను ఆపడానికి కావలసిన కనీస గాఢత) మాత్రం తక్కువగా ఉంది. నిరోధక జన్యువులను వెతికే జీన్‌ఎక్స్‌పర్ట్ కార్బా-ఆర్ పరీక్షలో ఐదింటిలోనూ, మెరోపెనెమ్ వంటి మందులను నిర్వీర్యం చేసే ఎన్‌డీఎం, ఆక్సా-48 తరహా జన్యువులు రెండూ కనిపించాయి.

ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీ సమావేశంలో దీనిపై రెండు అభిప్రాయాలు వచ్చాయి. రోగులు చుట్టుపక్కల నర్సింగ్ హోముల నుంచి చాలా రోజులు చికిత్స పొంది మా దగ్గరకు వస్తున్నారు కాబట్టి ఎవరి బ్యాక్టీరియాను వారే వెంట తెచ్చుకున్నారని ఐసీయూ వైద్యులు అంటున్నారు. యాంటీబయోగ్రామ్, జన్యువులు రెండూ కలిశాయి కాబట్టి ఇది మా ఐసీయూలోనే ఒకరి నుంచి ఒకరికి పాకిన ఒకే స్ట్రెయిన్ అని మా విభాగంలో కొందరి వాదన. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చడానికి మా దగ్గరున్న సమాచారం సరిపోతుందా? సరిపోకపోతే ఏ టైపింగ్ (స్ట్రెయిన్లను వేరుచేసి గుర్తించే) పద్ధతి ఎంచుకోవాలి? మా కళాశాలలో పీసీఆర్ యంత్రం, జెల్ పరికరం ఉన్నాయి కాబట్టి ఎరిక్-పీసీఆర్ (జన్యుక్రమంలో పదేపదే వచ్చే వరుసల మధ్య ముక్కలను పెంచి జెల్ మీద పట్టీలుగా చూసే పద్ధతి) చేయగలం. డీఎన్‌ఏను పెద్ద ముక్కలుగా కోసి పట్టీలుగా వేరుచేసే పల్స్‌డ్ ఫీల్డ్ జెల్ పరికరం లేదు. సీక్వెన్సింగ్ (జన్యుక్రమం చదివించడం) కోసం బయటకు పంపించాలి, దానికి నిధులు పరిమితం. ఐదు ఐసొలేట్ల కోసం పూర్తి జన్యుక్రమం చేయించడం అర్థవంతమేనా అన్నది నా అసలు సందేహం.

అగార్‌ప్లేట్:

మీ దగ్గరున్న సమాచారం సరిపోదు. ఎందుకు సరిపోదో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే రేపు సమావేశంలో మీరు దీన్ని అందరికీ నచ్చజెప్పవలసి ఉంటుంది.

మన దేశపు ఐసీయూలలో క్లెబ్సియెల్లా ఐసొలేట్లలో సగానికి పైగా కార్బపెనెమ్‌లకు (మెరోపెనెమ్, ఇమిపెనెమ్ వంటి మందులకు) లొంగడం లేదని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నిఘా నివేదికలు ఏటా చెబుతూనే ఉన్నాయి. అలాంటి చోట దాదాపు అన్ని మందులకూ నిరోధకత చూపే ఐదు ఐసొలేట్లు ఒకేలా కనిపించడం అసాధారణమేమీ కాదు, అవి ఐదు వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చినా అలాగే కనిపిస్తాయి. దీనికి తిరుగుముఖం కూడా ఉంది. ఒకే స్ట్రెయిన్ ఒక రోగిలో ప్లాస్మిడ్‌ను (క్రోమోజోమ్‌కు విడిగా ఉండి, బ్యాక్టీరియాల మధ్య చేతులు మారగల డీఎన్‌ఏ వలయం) పోగొట్టుకుని అమికాసిన్‌కు లొంగవచ్చు, మరొక రోగిలో కోలిస్టిన్ ఒత్తిడికి ఎంజీఆర్‌బీ అనే జన్యువు చెడిపోయి దానికీ నిరోధకత తెచ్చుకోవచ్చు. కాబట్టి యాంటీబయోగ్రామ్ పోలిక మనల్ని అప్రమత్తం చేసే గంట వరకే. మీ విభాగం ఆ గంటను సకాలంలో విన్నది, అది మంచి విషయం.

ఇక జన్యువుల సంగతి. ఎన్‌డీఎం-1 తొలిసారి గుర్తించినది 2008లో, న్యూఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్‌కు తిరిగి వెళ్లిన ఒక రోగి నుంచి తీసిన క్లెబ్సియెల్లాలో. ఆ తర్వాత రెండేళ్లకే చెన్నై, హర్యానా, బ్రిటన్ వంటి చోట్ల అనేక రకాల బ్యాక్టీరియాలో అది కనిపించింది. ఆ జన్యువు ఈ.కోలైలోను, ఎంటరోబాక్టర్‌లోను, అసినెటోబాక్టర్‌లోను కూడా ఉంటుంది. అంటే అది ఒక వంశానికి గుర్తు కాదు, వంశాల మధ్య చేతులు మారే సొత్తు. జీన్‌ఎక్స్‌పర్ట్ ఫలితం వల్ల చికిత్సకు మేలుంది: ఆక్సా-48 తరహా ఒక్కటే ఉంటే సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ సరిపోవచ్చు, ఎన్‌డీఎం కూడా ఉంటే దానికి అజ్ట్రియోనామ్ జోడించవలసి వస్తుంది. ఆ విషయం మీ వైద్యులకు గంటలో తెలియడం అమూల్యం. అయితే ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్న ప్రశ్నకు ఆ పరీక్ష జవాబు చెప్పదు.

ఎరిక్-పీసీఆర్ చేయండి, కానీ దాని హద్దు తెలిసి చేయండి. అది విభజించడానికి పనికివస్తుంది, కలపడానికి పనికిరాదు. ఐదు ఐసొలేట్లూ ఒకే రోజు, ఒకే మాస్టర్‌మిక్స్‌తో (పీసీఆర్ రసాయనాల మిశ్రమంతో), ఒకే జెల్ మీద నడిపినప్పుడు రెండింటి పట్టీలు స్పష్టంగా వేరుగా ఉంటే, ఆ రెండూ వేరని నమ్మకంగా చెప్పవచ్చు. పట్టీలు ఒకేలా ఉంటే మాత్రం ఒకటేనని అనకూడదు. నిన్నటి జెల్‌ను ఇవాళ్టి జెల్‌తో పోల్చడం, మరో కళాశాల ఫోటోతో పోల్చడం అసలే కూడదు. డీఎన్‌ఏ పరిమాణం, ఎనియలింగ్ ఉష్ణోగ్రత కొంచెం మారినా పట్టీలు మారిపోతాయి. థీసిస్‌లలో నేను తరచుగా చూసే లోపం ఇదే.

పల్స్‌డ్ ఫీల్డ్ జెల్ పరికరం లేదని విచారించనక్కరలేదు. చాలా కాలం అదే ప్రామాణిక పద్ధతి. 1995లో టెనోవర్ బృందం ఇచ్చిన కొలమానం ప్రకారం రెండు మూడు పట్టీల తేడా ఉంటే దగ్గరి సంబంధం, నాలుగు నుంచి ఆరు ఉంటే సంబంధం ఉండవచ్చు, ఏడు లేదా అంతకు మించితే వేరు అని చదివేవాళ్లం. ఆ కొలమానం ఒక చిన్న కాలవ్యవధిలో, ఒకే చోట వచ్చిన కొద్ది ఐసొలేట్ల కోసమే రాశారన్నది ఇప్పుడు చాలామంది మరచిపోయారు. కొత్తగా ఆ పరికరం కొనమని నేను ఎవరికీ సలహా ఇవ్వను.

అసలు ఉచ్చు ఎంఎల్‌ఎస్‌టీ దగ్గర ఉంది. క్లెబ్సియెల్లాలో ఏడు జన్యువుల ముక్కలు కలిపి సుమారు 3,000 డీఎన్‌ఏ అక్షరాలు చదివి, దానికి ఒక ఎస్‌టీ (సీక్వెన్స్ టైప్) సంఖ్య ఇస్తాం. ఆ బ్యాక్టీరియా మొత్తం జన్యుక్రమం దాదాపు 55 లక్షల అక్షరాలు. మన దేశంలో కార్బపెనెమ్ నిరోధక క్లెబ్సియెల్లాలో ఎస్‌టీ231, ఎస్‌టీ147, ఎస్‌టీ14 వంటి కొన్ని వంశాలే ఎక్కువగా కనిపిస్తాయి. మీ ఐదూ ఎస్‌టీ231 అని తేలితే ఐసీయూలోనే పాకిందని చాలామంది వెంటనే తీర్మానిస్తారు. కానీ ఎస్‌టీ సంఖ్య ఇంటిపేరు లాంటిది, జిల్లా అంతటా అదే ఇంటిపేరు ఉన్న చోట ఇద్దరికి అది కలిసినంత మాత్రాన ఒకే ఇంటివారు కారు. అమెరికాలో ఎస్‌టీ258తోను, అసినెటోబాక్టర్‌లో ప్రపంచమంతా పరచుకున్న రెండో అంతర్జాతీయ క్లోన్‌తోను ఇదే చిక్కు. ఏ వంశం స్థానికంగా సర్వసాధారణమో ఆ వంశంలోపల తేడాలు చూపగల పద్ధతి కావాలి, అది పూర్తి జన్యుక్రమమే. కాబట్టి మీ అసలు సందేహానికి నా జవాబు: ఎరిక్-పీసీఆర్‌లో వేరని తేలినవాటిని పక్కన పెట్టి, కలిసినవాటిని పూర్తి జన్యుక్రమానికి పంపండి. ఎంఎల్‌ఎస్‌టీ కోసం విడిగా డబ్బు ఖర్చు చేయకండి. పూర్తి జన్యుక్రమం వచ్చాక ఎస్‌టీ సంఖ్య అందులోంచే తెలుస్తుంది.

జన్యుపటం:

పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను హైదరాబాద్‌లో ఒక పరిశోధనశాలలో బ్యాక్టీరియా జన్యుక్రమాల విశ్లేషణ చేస్తాను. ఐదు ఐసొలేట్ల కోసం ఇంత ఖర్చు అవసరమా అన్న ప్రశ్నకు అందరికీ తెలిసిన ఒక సంఘటనే మంచి సమాధానం.

2011 జూన్‌లో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం బెథెస్డాలో ఉన్న ఎన్‌ఐహెచ్ (జాతీయ ఆరోగ్య సంస్థల) క్లినికల్ సెంటర్‌లో, న్యూయార్క్ ఆసుపత్రి నుంచి బదిలీ అయిన ఒక రోగిని చేర్చుకున్నారు. ఆమెలో కేపీసీ అనే మరొక కార్బపెనెమ్ నిరోధక జన్యువున్న క్లెబ్సియెల్లా ఉందని ముందే తెలుసు కాబట్టి విడిగా ఉంచి, అన్ని జాగ్రత్తలూ తీసుకున్నారు. ఆమె జూలైలో డిశ్చార్జి అయ్యారు. మూడు వారాల తర్వాత ఆగస్టులో మరొక రోగిలో అదే రకం బ్యాక్టీరియా బయటపడింది, ఆ తర్వాత కేసులు వరుసగా పెరిగాయి. మొత్తం 18 మందికి సోకితే 11 మంది మరణించారు, వారిలో ఆరుగురి మరణానికి ఈ ఇన్ఫెక్షనే కారణమని నిర్ణయించారు. అది ఎస్‌టీ258. అమెరికాలో కేపీసీ ఉన్న క్లెబ్సియెల్లాలో అధికభాగం అదే వంశం కావడంతో, పాత టైపింగ్ పద్ధతులు ఆమె నుంచి వచ్చిందా, బయటి నుంచి మళ్లీ కొత్తగా వచ్చిందా అన్నది చెప్పలేకపోయాయి. మూడు వారాల ఖాళీ చూస్తే బయటి నుంచి వచ్చిందనుకోవడమే సహజం.

పూర్తి జన్యుక్రమాలను, రోగుల పడకల వివరాలను కలిపి చూసినప్పుడు అన్నిటికీ మూలం ఆ మొదటి రోగేనని, ఆమె నుంచి మూడు వేర్వేరు సార్లు బ్యాక్టీరియా ఇతరులకు చేరిందని తేలింది. మధ్యలో ఉన్నవారికి జబ్బు లక్షణాలు లేవు, పేగుల్లోనో గొంతులోనో బ్యాక్టీరియా నిశ్శబ్దంగా ఉంది. ఎవరికి ముందు పాజిటివ్ వచ్చిందో ఆ వరుసలోనే పాకిందని అనుకుంటే తప్పు దారి పట్టేవారు. శుభ్రం చేసిన వెంటిలేటర్ మీద, సింకుల గొట్టాల్లో కూడా ఆ బ్యాక్టీరియా దొరికింది. 2012లో ఈ పరిశోధన ప్రచురితమైన తర్వాత ఆసుపత్రి ఇన్ఫెక్షన్ నియంత్రణలో జన్యుక్రమం పాత్ర గురించి చాలామంది గట్టిగా ఆలోచించసాగారు. ఇప్పుడు మీ ఆసుపత్రిలో జరుగుతున్న వాదన అక్కడ జరిగిన వాదనే.

విశ్లేషణలో మీరు జాగ్రత్తపడవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. రెండు ఐసొలేట్ల మధ్య ఎన్ని అక్షరాల తేడా ఉంటే ఒకే వ్యాప్తి అనాలన్న దానికి గీత గీసినట్టు సంఖ్య లేదు. ఐరోపాలో 32 దేశాల ఆసుపత్రుల క్లెబ్సియెల్లాపై జరిగి 2019లో వెలువడిన అధ్యయనంలో, ఒకే ఆసుపత్రిలో పాకిన జంటలను వేరు చేయడానికి 21 తేడాల హద్దు బాగా పనిచేసింది. దాన్ని ఆరంభ సూచనగా తీసుకోండి, తీర్పుగా తీసుకోకండి. మీ ఐదింటి మధ్య రెండు మూడు తేడాలుంటే అనుమానం బలపడుతుంది, వందలు ఉంటే ఇటీవలి వ్యాప్తి కాదు. ఇరవై ముప్ఫై దగ్గర ఉంటే పడకల వివరాలే తేల్చాలి. ఒక రోగిలో నెలల తరబడి ఉన్న బ్యాక్టీరియాలోనే కొన్ని తేడాలు పుడతాయి కాబట్టి వీలైతే ప్రతి రోగి నుంచి రెండు మూడు కాలనీలు భద్రపరచండి. ఎన్‌ఐహెచ్ రోగి శరీరంలో వేర్వేరు చోట్ల నుంచి తీసిన ఐసొలేట్ల మధ్య తేడాలు ఉండటం వల్లే మూడు వేర్వేరు వ్యాప్తులను విడదీయగలిగారు.

రెండోది ప్లాస్మిడ్ల విషయం. ఇల్యుమినా వంటి చిన్న ముక్కలు చదివే యంత్రాలతో క్రోమోజోమ్ తేడాలు కచ్చితంగా తెలుస్తాయి, కానీ ఎన్‌డీఎం ఏ ప్లాస్మిడ్ మీద ఉందో, ఆ ప్లాస్మిడ్ ఎలా అమరి ఉందో సరిగా తేలదు. ఆక్సా-48 తరహాకు చెందిన ఆక్సా-232 సాధారణంగా 6,000 అక్షరాలకు కాస్త మించిన చిన్న ప్లాస్మిడ్ మీద ఉంటుంది కాబట్టి అది సులువుగానే దొరుకుతుంది, ఎన్‌డీఎం ఉండే పెద్ద ప్లాస్మిడ్లు ముక్కలుముక్కలుగా వస్తాయి. కనీసం ఒకటి రెండు ఐసొలేట్లకు పొడవైన ముక్కలు చదివే నానోపోర్ వంటి యంత్రంతో కూడా చదివించండి. మీ ఐసీయూలో అదే సమయంలో ఎన్‌డీఎం ఉన్న ఈ.కోలై గానీ ఎంటరోబాక్టర్ గానీ దొరికి ఉంటే దాన్ని కూడా పంపండి. స్ట్రెయిన్లు వేరైనా ఒకే ప్లాస్మిడ్ వాటి మధ్య తిరుగుతూ ఉండవచ్చు. క్లెబ్సియెల్లా ఒక్కదాన్నే చూస్తే ఆ వ్యాప్తి మన కంటపడదు.

విశ్లేషణ కోసం ప్రత్యేకమైన కంప్యూటర్ అక్కరలేదు. పాథోజెన్‌వాచ్ వెబ్‌సైటులో జన్యుక్రమాలు ఎక్కిస్తే ఎస్‌టీ సంఖ్య, నిరోధక జన్యువులు, క్యాప్సూల్ రకం ఉచితంగా చెబుతుంది. బ్యాక్టీరియాను గుర్తించే వైటెక్ యంత్రంలో న్యుమోనియే అని వచ్చినవి కొన్నిసార్లు క్వాసిన్యుమోనియే అనే దగ్గరి జాతి అని తేలుతాయి, అది కూడా అక్కడే తెలుస్తుంది.

గ్లవ్స్‌పెట్టె:

డాక్టర్ గారూ, నేను విశాఖపట్నంలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా పనిచేస్తున్నాను. పై ఇద్దరు చెప్పిన శాస్త్రం గురించి నేను మాట్లాడను. జన్యుక్రమం ఫలితం వచ్చేలోగా జరగవలసిన పని గురించి మాత్రం గట్టిగా చెప్పాలనుకుంటున్నాను.

బయటకు పంపిన సీక్వెన్సింగ్ ఫలితం రావడానికి వారాలు పడుతుంది. ఆ వారాలు ఐసీయూ ఆగదు. ఒకే స్ట్రెయిన్ అని తేలినా, వేరని తేలినా, ఐదుగురు రోగుల్లో కార్బపెనెమ్ నిరోధక క్లెబ్సియెల్లా ఉన్నప్పుడు చేయవలసిన పనులు ఒకటే. వారిని ఒక వైపు పడకలకు చేర్చి, వీలైనంతవరకు వారికి వేరే సిస్టర్లను కేటాయించాలి. ఐసీయూలో ఉన్న మిగిలిన రోగులందరికీ, కొత్తగా చేరేవారికి చేరిన రోజే రెక్టల్ స్వాబ్ (మలద్వారం నుంచి దూదిపుల్లతో నమూనా) తీయాలి. వైద్యులు చెప్పేది నిజమా కాదా అన్నది చేరిన రోజు స్వాబే సగం తేలుస్తుంది. నర్సింగ్ హోమ్ నుంచి వచ్చిన రోజే పాజిటివ్ ఉంటే వెంట తెచ్చుకున్నట్టే, చేరినప్పుడు నెగెటివ్ ఉండి పదో రోజుకు పాజిటివ్ అయితే మన దగ్గరే అంటిందని అనుమానించాలి. ఆ స్వాబ్‌లో పెరిగిన కాలనీలను కూడా భద్రపరచమని మీ ల్యాబ్ టెక్నీషియన్లకు చెప్పండి.

పడకల చిత్రం గీయడం మరచిపోవద్దు. ఏ రోగి ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ పడకలో ఉన్నారు, ఏ వెంటిలేటర్ వాడారు, బ్రాంకోస్కోపీ ఎవరికి ఎప్పుడు చేశారు, డయాలిసిస్ యంత్రం ఎవరి దగ్గర నుంచి ఎవరి దగ్గరకు వెళ్లింది అన్నవి కేస్‌షీట్లు, సిస్టర్ల రిపోర్టు పుస్తకం చూసి ఒకే కాగితం మీద రాయాలి. జన్యుక్రమం రెండు ఐసొలేట్లు దగ్గరి చుట్టాలని చెప్పగలదు, వారిద్దరూ ఎక్కడ కలిశారో ఆ కాగితమే చెప్పాలి. చేతులు కడిగే సింకులో ఆస్పిరేట్ (గొట్టం నుంచి లాగిన స్రావం), మూత్రం పారబోయడం చాలా ఐసీయూల్లో ఉన్న అలవాటు, వెంటనే ఆపించవలసిన పని అది. సింకు గొట్టం నుంచి, సక్షన్ జార్ల నుంచి, వెంటిలేటర్ మీటల మీద నుంచి ఇప్పుడే స్వాబ్‌లు తీయండి, ఎందుకంటే శుభ్రపరచడం మొదలైన తర్వాత తీస్తే దొరికే అవకాశం తగ్గిపోతుంది.

ఇంకొక మాట. టైపింగ్ చేయిస్తున్నారని తెలియగానే ఐసీయూ సిబ్బందిలో భయం పుడుతుంది, ఎవరి చేతుల ద్వారా పాకిందో కనిపెట్టి శిక్షిస్తారని అనుకుంటారు. వారు భయపడితే మీకు నిజమైన వివరాలు దొరకవు. ఇది మనుషులను పట్టుకునే పరీక్ష కాదని, పాకే దారిని మూసివేసే పని అని కమిటీ తరఫున ముందుగానే చెప్పించండి. ఒక సిస్టర్ నలుగురు వెంటిలేటర్ రోగులను చూసుకునే చోట చేతులు కడుక్కోవడానికి వ్యవధి ఎంత ఉంటుందో కూడా ఆ కమిటీ ఆలోచించాలి.

కృష్ణాతీరం:

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. సింకు, సక్షన్ జార్ స్వాబ్‌లు రేపే తీయిస్తాను. ఇంకా రెండు సందేహాలున్నాయి. ఏడాదిగా రక్తం నుంచి వచ్చిన క్లెబ్సియెల్లా ఐసొలేట్లన్నీ మా దగ్గర గ్లిజరాల్ బ్రాత్‌లో మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉన్నాయి. డజను ఐసొలేట్లకు సరిపడా నిధులు దొరకవచ్చు. ఐదు పోగా మిగిలిన చోటులో ఏవి పంపాలి? అలాగే, ఐదూ వేర్వేరని తేలితే మా ఐసీయూలో ఇన్ఫెక్షన్ నియంత్రణ బాగానే ఉందని కమిటీకి రాయవచ్చా?

అగార్‌ప్లేట్:

మొదటి సందేహం ఈ చర్చ మొత్తంలో అతి ముఖ్యమైనది. పోల్చడానికి బయటి ఐసొలేట్లు లేకుండా ఐదింటినే చదివితే, వాటి మధ్య పది తేడాలు ఉన్నాయని తెలిసినా ఆ పది ఎక్కువో తక్కువో చెప్పలేరు. మీ ఊరిలో సంబంధం లేని రెండు ఎస్‌టీ231ల మధ్య ఎంత దూరం ఉంటుందో తెలిస్తేనే మీ ఐదింటి దగ్గరితనానికి అర్థం వస్తుంది. కాబట్టి మిగిలినవాటిలో ఒకటి రెండు అదే ఐసీయూ నుంచి ఆరు నెలలు, ఏడాది కిందటివి తీసుకోండి. ఒకటి రెండు ఇదే కాలంలో సర్జికల్ ఐసీయూ లేదా నవజాత శిశువుల విభాగం నుంచి, మరొకటి చేరిన రోజే పాజిటివ్ వచ్చిన బదిలీ రోగి నుంచి ఉండాలి. సింకులో గానీ వెంటిలేటర్ మీద గానీ క్లెబ్సియెల్లా పెరిగితే ఒక చోటు దానికి తప్పక కేటాయించండి. అన్నిటిలోనూ ఎన్‌డీఎం, ఆక్సా-48 తరహా రెండూ ఉన్నవాటినే ఎంచుకోండి, మందులకు సులువుగా లొంగే ఐసొలేట్లను పోల్చి ప్రయోజనం లేదు. నమూనాలకు సంకేత సంఖ్యలు ఇచ్చి, ఏది ఏ రోగిదో విశ్లేషించేవారికి ముందుగా చెప్పకండి. పడకల చిత్రం చూసిన కన్ను వంశవృక్షంలో కూడా దాన్నే వెతుకుతుంది.

రెండో సందేహానికి జవాబు: అలా రాయకూడదు. ఐదూ వేరని తేలడానికి చాలా కారణాలుండవచ్చు. రోగులు నిజంగానే బయటి నుంచి తెచ్చుకుని ఉండవచ్చు. అప్పుడు చేరిన రోజు స్వాబ్ తీసే పద్ధతి మీ ఐసీయూలో లేకపోవడమే లోపం అవుతుంది, పైగా పేగుల్లో నిశ్శబ్దంగా ఉన్న బ్యాక్టీరియా ఊపిరితిత్తులకు, రక్తానికి ఎలా చేరిందన్న ప్రశ్న మిగులుతుంది. దానికి జవాబు సెంట్రల్ లైన్ సంరక్షణలోను, నోటి శుభ్రతలోను, అవసరానికి మించి వాడిన మెరోపెనెమ్‌లోను వెతకాలి. లేదా జన్యుపటం గారు చెప్పినట్టు ప్లాస్మిడ్ వ్యాప్తి కావచ్చు. లేదా అనేక స్ట్రెయిన్లు కలిసి నివసిస్తున్న సింకు ఒకటి అందరికీ మూలం కావచ్చు. వీటిలో ఏ ఒక్కటీ నియంత్రణ బాగుందన్నదానికి రుజువు కాదు.

ఒకే స్ట్రెయిన్ అని తేలినప్పుడు కూడా నివేదికలో ఎవరి నుంచి ఎవరికి అని బాణాలు గీయడానికి తొందరపడకండి. ఇద్దరికీ పరీక్ష చేయని మూడో రోగి నుంచో, యంత్రం నుంచో వచ్చి ఉండవచ్చు. "ఈ ఐదు ఐసొలేట్లు ఇటీవలి ఉమ్మడి మూలం కలవి" అన్నంతవరకే జన్యుక్రమం బలంతో రాయండి, ఆపై పడకల వివరాలు ఎంతవరకు సమర్థిస్తే అంతవరకే ముందుకు వెళ్లండి.

సీక్వెన్సింగ్ కోసం ప్రైవేటు సంస్థను ఆశ్రయించే ముందు ఒకసారి ఐసీఎంఆర్ నిఘా వ్యవస్థలోని కేంద్రాలకు మీ విభాగాధిపతి ద్వారా రాసి చూడండి. 2013లో మొదలైన ఆ వ్యవస్థలో వేలూరు సీఎంసీ, పుదుచ్చేరి జిప్‌మర్ వంటివి మనకు దగ్గరే. బెంగళూరులోని కెంపేగౌడ వైద్య విజ్ఞాన సంస్థ కేంద్రీయ పరిశోధనశాల కూడా క్లెబ్సియెల్లా జన్యుక్రమాలపై విస్తారంగా పనిచేసింది. ఇది థీసిస్‌గా మారే అవకాశం ఉంది కాబట్టి ఎథిక్స్ కమిటీ అనుమతికి ఈ వారమే దరఖాస్తు పెట్టండి. ఐసొలేట్లను పంపే ముందు ఒక్కో సీసా నుంచి తిరిగి పెంచి, కల్చర్ శుద్ధంగా ఉందో లేదో బ్లడ్ అగార్ మీద చూసుకుని, మెరోపెనెమ్ డిస్క్‌తో నిరోధకత ఇంకా నిలిచి ఉందని నిర్ధారించుకోండి. మందు లేని మాధ్యమంలో పదేపదే పెంచితే ప్లాస్మిడ్ జారిపోతుంది, అప్పుడు మీరు చదివించేది రోగిలో ఉన్న బ్యాక్టీరియా కాకుండా పోతుంది.